తొమ్మిదో లార్డ్ హెల్మ్‌బెక్

1923 నవంబర్ 3, శనివారం

నిన్న మా ఆయన ఆంబ్రోస్‌ని చర్చి కింద వంశపు నేలమాళిగలో పెట్టి వచ్చాం. యుద్ధంలో పీల్చిన విషవాయువు ఐదేళ్ళు ఆగి, తీరిగ్గా తన పని ముగించుకుంది. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకి అదొక వింత అయింది.

భోజనాల దగ్గర బట్లర్ హాకిన్స్ మాంసం పళ్ళెం పట్టుకుని మా మరిది లయొనెల్ వెనక నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. మొన్నటిదాకా అతను ‘మిస్టర్ లయొనెల్’. అన్న పోయాడు, అన్నకి పిల్లల్లేరు కాబట్టి ఇక ‘లార్డ్ హెల్మ్‌బెక్’ అని పిలవాలి. అంత మాట మొదటిసారి తన నోటి నుంచే రావాలని పాపం ముసలాయన తెగ ఆరాటపడుతున్నాడు.

అత్తగారు చాకు కింద పెట్టారు. "హాకిన్స్, తొందరపడకు. సెసిలీకి మూడో నెల" అన్నారు.

బల్ల చుట్టూ ఉన్న పన్నెండు మందీ నా పొట్ట వైపు చూశారు. నాకూ ఆంబ్రోస్‌కీ అత్తగారికీ తప్ప అప్పటిదాకా ఎవరికీ తెలియదు. లాయరు రుమాలుతో మూతి తుడుచుకుని మొదలుపెట్టాడు.

"అలాగైతే, బిడ్డ పుట్టేదాకా ఆ బిరుదు ఎవరిదీ కాదండీ. మగబిడ్డయితే భూమ్మీద పడ్డ క్షణం నుంచీ లార్డే. ఆడపిల్లయితే లయొనెల్ గారికి వస్తుంది."

"అందాకా?" అన్నారు అత్తగారు.

"అందాకా గాల్లో ఉంటుందండీ."

లయొనెల్ ఫోర్కు కూడా గాల్లోనే ఆగింది. నేను చూశాను. తర్వాత దాన్ని నెమ్మదిగా దించి, "చాలా సంతోషం వదినా" అన్నాడు. అంత సంతోషంగా ఉన్నవాడు మరి ఒక్క ముద్ద కూడా మింగలేదెందుకో.

నవంబర్ 4

నాకు మగపిల్లాడైనా ఆడపిల్లైనా ఒకటే. ఆంబ్రోస్ బిడ్డ, అది చాలు.

నవంబర్ 19

డాక్టర్ ప్రింగిల్ పడుకోమన్నాడు. పడుకుని ఏం చేస్తాను? ఆరో లార్డ్ గారు స్వహస్తాలతో రాసిన వంశచరిత్ర చదువుతున్నాను. పెళ్ళైన కొత్తలో ఆంబ్రోస్ ఇందులోంచి చదివి వినిపిస్తుంటే ఇద్దరం పడీ పడీ నవ్వుకునేవాళ్ళం.

మొదటివాడు అసలు లార్డేమీ కాదు, గొర్రెల ఆసామి. వాన రాత్రి రాజుగారి బండి చక్రం ఈ కొండ దారిలోనే విరిగింది. ఆసామి తన మంచం ఇచ్చి, గొర్రె కోసి పెట్టాడు. రాజుగారు పొద్దున్నే ఒళ్ళు విరుచుకుని ఇతన్ని లార్డుని చేసి వెళ్ళిపోయాడు. రెండోవాడు తాగాడు. మూడోవాడు పక్క ఊరివాళ్ళతో వాగు కోసం ఇరవై రెండేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి గెలిచాడు, అప్పటికి వాగు ఎండిపోయింది. నాలుగోవాడికి అరవై ఎనిమిదో ఏట కొడుకు పుట్టాడు. ఆ వైభవానికి ఆరు పేజీలు, చివర ఒక్క ముక్క: ‘పదకొండుమంది కుమార్తెలు కూడా కలరు.’ ఐదోవాడు మద్రాసు వైపు వెళ్ళి సంపాదించాడు. ఎలా సంపాదించాడో పుస్తకం చెప్పదు కానీ మా ఇంటి పైకప్పు ఆయన వేయించిందే. ఆరోవాడు ఈ పుస్తకం రాశాడు కనుక అందరికంటే గొప్పవాడు. ఏడోవారు మా మామగారు. ఎనిమిదోవాడు నా ఆంబ్రోస్.

ఈ ఎనిమిది పేర్లూ చర్చి గోడ మీద చెక్క పలక మీద బంగారు రంగులో రాసి ఉన్నాయి. మొన్న ఆంబ్రోస్ పేరు కింద తొమ్మిదో పేరుకి చోటు తుడిచి సిద్ధంగా ఉంచారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ నేను దాన్నే చూస్తూ కూర్చుంటున్నాను. నా కుర్చీ సరిగ్గా దాని ఎదురుగా ఉంది కాబట్టి.

డిసెంబర్ 12

మంత్రసాని మిసెస్ గ్రిమ్‌షా వచ్చి పొట్ట పట్టుకుని చూసింది. ఊళ్ళో సగం మంది బిడ్డల్ని నేల మీదికి దించిన చెయ్యి. మా చర్చికి రాదు, కొండ కింద పేదవాళ్ళ ప్రార్థన మందిరానికి వెళుతుంది. లార్డుల గురించి ఆమెకున్న గౌరవం అంతంతమాత్రం.

"సారాకొట్టులో పందేలు కాస్తున్నారమ్మగారూ, మీ మీద."

"నా మీదా?"

"అబ్బాయా, అమ్మాయా అని. మా ఆయన అబ్బాయి మీద ఓ కోడిపెట్ట పెట్టాడు. పొట్ట ఆకారం చూసి చెప్పవే అని రోజూ నా ప్రాణం తీస్తున్నాడు."

"ఏం చెప్పారు?"

"కోడి గుడ్లు పెట్టేటప్పుడు ఎందుకు పోగొట్టుకుంటావురా సచ్చినోడా అన్నాను."

ఆంబ్రోస్ పోయాక మొదటిసారి నవ్వాను. నవ్వు ముగిసేసరికి ఏడుస్తున్నాను. ఆమె నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసుకుతూ కూర్చుంది.

లయొనెల్ నారింజలు పంపాడు. ఈ కాలంలో నారింజలు ఎక్కడ దొరికాయో. తోటమాలి పిల్లలకి ఇచ్చేశాను. అందులో ఏదో కలిపాడని కాదు.

1924 జనవరి 9

కదిలాడు.

కదిలింది అని రాయాలి.

కదిలాడు.

ఫిబ్రవరి 16

లాయరు మళ్ళీ వచ్చాడు. ఇంటి యజమాని పోయిన ప్రతిసారీ సర్కారు ఆస్తిలో తన వంతు కోసుకుపోతుంది. ఆంబ్రోస్ వంతుకి ఎగువ మేతభూములు, అడవి పోయాయి. "ఈ పొద్దు ఇల్లు నిలబడింది. వెంటనే ఇంకో చావు వస్తే మాత్రం ఇల్లే అమ్మాలి" అన్నాడు లాయరు. అత్తగారు ఆయనకి ఇంకో కప్పు టీ పోశారు. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్న మనిషి.

లయొనెల్ గేటు దగ్గర చిన్న ఇంట్లోనే ఉంటున్నాడు. భోజనానికి వస్తాడు, ఆంబ్రోస్ కుర్చీలో కూర్చోడు. ఉత్తరాలు మూడు రకాల పేర్లతో వస్తున్నాయి అతనికి. అన్నీ నవ్వుతూ జేబులో పెట్టుకుంటాడు. ఇవాళ మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకోబోయాడు.

"జాగ్రత్త వదినా, మంచు జారుతుంది."

"నేను జారితే నీకేం నష్టంలే" అన్నాను.

అతని మొహం చూశాక అనకుండా ఉండాల్సింది అనిపించింది. కానీ నిజమే కదా. నేను జారితే అతనికి నష్టమేముంది?

మార్చి 30

నాకు ఎవరైనా ఒకటే అని మళ్ళీ రాస్తున్నాను.

పేరు మాత్రం రూపర్ట్.

ఏప్రిల్ 24

మొదలైనట్టుంది. మిసెస్ గ్రిమ్‌షా నీళ్ళు కాచమంటోంది. ఆంబ్రోస్, నువ్వు లేవు.

మే 2

అబ్బాయి.

మే 6

ఇప్పుడు కొంచెం రాయగలను.

రెండు రోజులు పట్టింది. చివర్లో డాక్టర్ నా మొహం మీద మత్తు గుడ్డ వేశాడు. మెలకువ వచ్చేసరికి గది శుభ్రంగా ఉంది. అంత శుభ్రంగా ఎందుకుందో వెంటనే తెలిసింది. అత్తగారు మంచం పక్కన ఉన్నారు.

"అబ్బాయి సెసిలీ. ప్రాణం లేకుండా పుట్టాడు" అన్నారు.

"ఏడీ?"

"తీసుకెళ్ళారు."

చచ్చి పుట్టినవాళ్ళకి బాప్తిస్మం ఉండదు. బాప్తిస్మం లేనివాళ్ళకి ప్రార్థన ఉండదు, నేలమాళిగలో చోటు ఉండదు. సర్కారు పుస్తకంలో పుట్టినట్టూ రాయరు, పోయినట్టూ రాయరు. గోతులు తవ్వేవాడు ఒక చెక్కపెట్టెలో పెట్టి చర్చి ఉత్తరపు గోడ పక్కన, ఎండ పడని చోట పూడ్చి వచ్చాడట. పాదిరిగారు వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళలేదు. నేను మత్తులో ఉన్నాను.

ఆరు నెలలు ఆ బిరుదుని గాల్లో ఆపినవాడు, ఊరంతా ఎవరి మీద పందేలు కాసిందో వాడు, వాడి పేరు కూడా ఎక్కడా లేదు.

నిన్న తలుపు అవతల హాకిన్స్ గొంతు వినిపించింది: "లార్డ్ హెల్మ్‌బెక్ మిమ్మల్ని చూడాలంటున్నారమ్మా." ఒక్క క్షణం ఆంబ్రోస్ అనుకున్నాను. అంతకంటే చిన్న క్షణం ఇంకొకరనుకున్నాను. వచ్చింది లయొనెల్. చూడనని చెప్పించాను.

మే 7

పాలు ఆగడం లేదు.

మే 11

తినలేదు.

మే 15

మిసెస్ గ్రిమ్‌షా రొమ్ములకి గుడ్డ కట్టడానికి వచ్చింది. పళ్ళెంలో ముట్టని గంజి చూసింది, నన్ను చూసింది. తలుపు వేసి వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఒకటి చెప్తాను. నేను చెప్పానని అనకండి. బాబు కేర్‌మన్నాడమ్మగారూ."

నాకు అర్థం కాలేదు.

"ఒక్కసారే. పిల్లికూన గొంతులా. డాక్టరుగారు మీ మీదికి ఒంగి ఉన్నారు, ఆయనకి వినపడలేదు. నేను చప్పున నీళ్ళు చల్లి, మీరు నొప్పుల్లో పలవరించిన పేరే, రూపర్ట్ అని పెట్టేశాను. బాప్తిస్మం తీసుకునే పోయాడు మీవాడు. మీరు గంజి తాగండి."

తాగాను. గిన్నె మొత్తం తాగాను.

వాడు కేర్‌మన్నాడు. కేర్‌మన్నాడంటే బతికాడు. బతికాడంటే తొమ్మిదో లార్డ్ హెల్మ్‌బెక్ నా కొడుకు. లయొనెల్ పదోవాడు.

మే 16

లయొనెల్‌ని పిలిపించాను. లండన్‌లో ప్రభువుల పట్టికలో పేరు ఎక్కించుకోవడానికి పంపాల్సిన కాగితం ఇంకా అతని దగ్గరే ఉందని తెలుసు. జరిగిందంతా చెప్పాను. గట్టిగా చెప్పాను. నీకు కావలసింది నీకు వచ్చింది, వాడి అంకె మాత్రం వాడికి ఇవ్వు అన్నాను. పలక మీద పేరు, నేలమాళిగలో తండ్రి పక్కన చోటు, పాదిరి నోట ప్రార్థన. ఇంకేమీ అడగనన్నాను.

అతను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇవాళ ఏమైనా తిన్నావా వదినా?"

"అది కాదు నేనడిగింది."

"తిన్నావా?"

"రొట్టె, గుడ్డు."

"సరే. పదో అని రాస్తాను."

అంత సులువుగా అంటాడనుకోలేదు. అతను వెళ్ళిన తర్వాత లాయరు మాట గుర్తొచ్చింది. ఆంబ్రోస్ పోయిన ఆరు నెలలకే ఇంకొక లార్డ్ పోయినట్టు లెక్క. వెంటనే ఇంకొకటి. ఇల్లు పోతుంది.

పోనీ. రాయీ సున్నమూ.

మే 21

డాక్టర్ ప్రింగిల్‌ని లయొనెల్ ఒప్పించాడట, బిడ్డలో ప్రాణం ఉన్నట్టు రాసివ్వడానికి. పాదిరిగారు 29న, గురువారం, పెట్టె పైకి తీయించి ప్రార్థన చేసి నేలమాళిగలో పెడతానన్నారు.

అత్తగారు నన్నేమీ అనలేదు. వరండాలో నిలబడి, ఇల్లు వదిలిపోయేటప్పుడు ఏ కుర్చీలు తీసుకెళ్ళాలో హాకిన్స్‌కి చూపిస్తున్నారు. నాలుగే చూపించారు.

నేను బాగా తింటున్నాను. నిద్ర కూడా పడుతోంది.

మే 27, మంగళవారం

మిసెస్ గ్రిమ్‌షా తోట వైపు తలుపు నుంచి వచ్చింది. టోపీ తీయలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇల్లు అమ్ముతున్నారని ఊళ్ళో అనుకుంటున్నారు. బాబు వల్లనే అంటున్నారు. నిజమేనా అమ్మగారూ?"

"నిజమే."

"బాబు కేర్‌మన్నాడని అన్నందుకేనా?"

అవునన్నాను. ఆమె గోడ పట్టుకుంది.

"ఇదేం ఇల్లమ్మా. నా చేతుల మీద ఇలాంటివి ముప్పై దాకా జరిగాయి. తల్లి తిండి మానేస్తే, కేర్‌మన్నాడమ్మా, పేరు పెట్టానమ్మా అని ప్రతి తల్లికీ ఇదే మాట చెప్పాను. ఆ మాట పట్టుకుని లేచి కూర్చుంటారు, పొయ్యి వెలిగించుకుంటారు. ఒక మాటకి ఎవరి కొంపా మునగలేదు ఇన్నేళ్ళలో. మీ ఇంట్లో బిడ్డ గొంతు విప్పితే ఆస్తులు చేతులు మారతాయని నాకెవరు చెప్పారు?"

"గ్రిమ్‌షా, వాడు కేర్‌మన్నాడు."

"లేదమ్మా."

"మీరే కదా..."

"లేదమ్మా. చేతిలోకి వచ్చేసరికే చల్లగా ఉన్నాడు. నీళ్ళు మాత్రం చల్లాను. అది నిజం. తప్పని తెలుసు, అయినా చల్లాను. రూపర్ట్ అనే అన్నాను."

ఆమె వెళ్ళిపోయాక రాస్తున్నాను: అబద్ధం. ఆమెని ఎవరో బెదిరించారు. అత్తగారు. లేదా లాయరు. రెండు రోజులు ఆగితే గురువారం. గురువారం అయిపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

మే 28

ఎవరూ బెదిరించలేదు.

పొద్దున్నించి గదిలో అటూ ఇటూ తిరిగాను. ఈ మాట తెలిసింది మా ఇద్దరికే, ఆమె నోరు విప్పదు. నేను విప్పకపోతే రేపు నా కొడుక్కి పేరు వస్తుంది. వాడి పేరు పలక మీద ఉండగా నేను దాని ఎదుట బతికినన్నాళ్ళూ కూర్చోవచ్చు. బతకని బతుకు వాడికి అంటగట్టి, దాన్ని చూసుకుంటూ. అది వాడు కాదు. చల్లగా వచ్చినవాడే నావాడు. పద్నాలుగు రోజులుగా నేను వేరే బిడ్డకి ఏడుస్తున్నాను.

మధ్యాహ్నం గేటు ఇంటికి నడిచి వెళ్ళాను. లయొనెల్ బల్ల మీద కాగితం ఉంది. అతని పేరు, పుట్టిన తేదీ, అన్నీ నింపి ఉన్నాయి. అంకె రాయాల్సిన చోటు ఒక్కటే ఖాళీ.

"గ్రిమ్‌షా అబద్ధం చెప్పింది. వాడు అసలు గొంతు విప్పలేదు" అన్నాను.

"తెలుసు వదినా."

"ఎప్పటి నుంచి?"

"ఆ రోజు నుంచే. నేను తలుపు బయటే ఉన్నాను, రెండు రోజులూ. కేర్‌మంటాడేమోనని చెవి తలుపుకే పెట్టుకున్నాను. డాక్టరుని రెండుసార్లు అడిగాను, మూడోసారి అడిగితే కోప్పడ్డాడు."

"తెలిసీ పదో అని రాస్తానన్నావా? ఇల్లు పోతుందని తెలిసీ?"

"నువ్వు మూడు వారాల తర్వాత ఆ రోజే రొట్టె తిన్నావు."

ఆరు నెలలు నేను ఈ మనిషి నారింజల్ని అనుమానించాను. చేతులు జోడించి క్షమించమని అడగాల్సింది. కలం తీసి అతని చేతికి ఇచ్చాను. తీసుకోలేదు.

"నా చేత్తో రాయలేను వదినా."

నేనే కూర్చున్నాను. లయొనెల్ పేరు ముందు, ఖాళీగా ఉన్న చోట, తొమ్మిదో అని నా చేత్తో రాశాను. అక్షరాలు బాగానే వచ్చాయి. తర్వాత ఏమైందో సరిగ్గా గుర్తులేదు. అతను నన్ను ఎత్తుకుని ఇంటికి తెచ్చాడట.

మే 29, గురువారం

పాదిరిగారికి రావద్దని కబురు పంపాం. పెట్టె ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

పదకొండు గంటలకి అత్తగారు నా గదికి వచ్చారు. టోపీ, చేతికర్ర. "లే. చెప్పులేసుకో. నేల చెమ్మగా ఉంటుంది" అన్నారు. ఆవిడ వెనకే నడిచాను.

ఉత్తరపు గోడ దగ్గరికి నేను ఎప్పుడూ వెళ్ళలేదు. గడ్డి మోకాలి దాకా ఉంది. రాళ్ళు లేవు, గుర్తులు లేవు. నేను ఎటు చూడాలో తెలియక నిలబడ్డాను. ఆవిడ మాత్రం తడుముకోకుండా నడిచి, గోడ నుంచి అడుగులు లెక్కపెట్టుకుని, ఒకచోట ఆగారు.

"ఇదిగో, ఇక్కడ నీవాడు. నేనే చెప్పి ఇక్కడ పెట్టించాను. పక్కన చోటు నాకు తెలుసు కాబట్టి."

"పక్కన ఏముంది?"

"నావి. రెండు."

పన్నెండేళ్ళుగా ఈ ఇంటి కోడల్ని. ఆంబ్రోస్ కూడా ఎప్పుడూ చెప్పలేదు. తనకీ తెలియదేమో.

"ఒకడు ఆంబ్రోస్ కంటే ముందు. ఒకత్తె లయొనెల్ తర్వాత" అన్నారు, ఎటో చూస్తూ.

"ఎందుకు ఎవరికీ చెప్పలేదు అత్తయ్యా?"

"ఎవరూ అడగలేదు."

గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. చెమ్మ బట్టల్లోంచి తగిలింది. ఆవిడ కర్ర గోడకి ఆనించి, కష్టపడి, మోకాళ్ళు కటకటమంటుండగా, నా పక్కనే కూర్చున్నారు. అరవై ఐదేళ్ళ మనిషి. కాసేపటికి, "పేరేం పెట్టుకున్నావు?" అన్నారు.

"రూపర్ట్."

"బాగుంది."

"మీవాళ్ళవి?"

"ఎడ్మండ్" అన్నారు. రెండో పేరు చెప్పబోయి ఆగారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆగాను. చాలాసేపటికి చెప్పారు.